కసాండ్రా క్లస్టర్‌కు తాళం వేసుడు ఎట్ల: పాస్‌వర్డ్ కానుంచి టీఎల్‌ఎస్ దాక, మనమే బయట చిక్కుకోకుండ

మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలల్ల మిర్చి బస్తాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి నడుపుతున్నం. ఏ రైతుది ఏ లాటు, ఏ చాంబర్‌ల పెట్టిన్రు, ఎప్పుడు దించిన్రు, అడ్తిదారు ఎవలు, ఇదంత అపాచీ కసాండ్రా అనే డేటాబేస్‌ల ఉంటది, మూడు నోడ్లు, అంటే కలిసి పనిచేసే మూడు మిషన్లు, ఆ గుంపునే క్లస్టర్ అంటరు. మొదటి రెండేండ్లు దానికి పాస్‌వర్డ్ అనేదే లేకుండె. ఎందుకు లేదంటే కసాండ్రా ఇన్‌స్టాల్ చేస్తే వచ్చుడే అట్ల వస్తది, ఎవలొచ్చినా రా అంటది, మనం కూడ పని నడుస్తున్నది కదా అని ముట్టుకోలే.

ఒకసారి బయట నుంచి పనిచేసే తమ్ముడొకడు ఇంటికాడ నుంచి చూడాలంటే 9042 పోర్టు (యాప్‌లు కసాండ్రాకు వచ్చే దారి) బయటికి తెరిచినం, రెండ్రోజులే కదా అనుకున్నం, నాలుగు నెలలు అట్లనే ఉన్నది. తర్వాత ఏదో వేరే పని మీద లాగ్‌లు చూస్తుంటే మావి కాని అడ్రసుల నుంచి కనెక్షన్లు కనబడ్డయి. ఏం చూసిన్రు, ఏం తీస్కపోయిన్రు అంటే చెప్పే దిక్కు లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ లేని క్లస్టర్‌ల అందరి పేరు ఒక్కటే, అనామకుడు. డేటా ఏం పోలే, అది మా అదృష్టం. 2017 జనవరిల ఇట్లనే తెరిచిపెట్టిన మాంగోడీబీ డేటాబేస్‌లు వేలకొద్ది తుడిచేసి పైసలడిగిన్రు, 2020 జులైల మియావ్ అని పేరువడ్డ దాడిల అయితే పైసలు కూడ అడగలే, ఊకనే తుడిచి పోయిన్రు, అండ్ల కసాండ్రాలు కూడ ఉన్నయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు మేము అప్పుడు లేచినం.

రాసే ముందు ఒక ముచ్చట. సెట్టింగుల పేర్లు, కమాండ్లు అన్నీ తెలుగు అక్షరాలల్లనే రాస్తున్న, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషుల కొట్టాలె, సెట్టింగు పేరుల రెండు మాటలుంటే మధ్యల అండర్‌స్కోర్ ఉంటదని అనుకోండి. వెర్షన్ 4.0 గాని ఆ పైది గాని అనుకొని చెప్తున్న. 3.11 మీద ఉన్నోళ్లు ముందు అప్‌గ్రేడ్ చేసుకోండి, టీఎల్‌ఎస్, అంటే తీగ మీద పోయే డేటాకు ముసుగేసే పద్ధతి, దాని పని అండ్ల చానా తిప్పలు.

ఇంకొకటి, ఈ పనిల ఒక్కొక్క సెట్టింగు చూస్తే రెండు లైన్లే. కష్టం అండ్ల లేదు, వరుసల ఉన్నది. ఏది ముందు ఏది తర్వాత అన్నది తప్పితే నడుస్తున్న క్లస్టర్ ముంగట మనమే తాళం చెవి లేకుండ నిలబడ్తం. నేను నిలబడ్డ, అది కింద చెప్త.

ముందు ఎవలెవలు లోపలికి వస్తున్నరో రాసుకోండి

నోడ్‌టూల్ అంటే కసాండ్రాను చూసుకునే కమాండ్. నోడ్‌టూల్ క్లయింట్‌స్టాట్స్ అని కొట్టి పక్కన డ్యాష్ డ్యాష్ ఆల్ పెడితే ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నోళ్ల జాబితా వస్తది, అడ్రసు, ఎస్‌ఎస్‌ఎల్ (టీఎల్‌ఎస్ పాత పేరు) ఉన్నదా లేదా, యూజర్ ఎవలు, డ్రైవర్ (యాప్‌ను కసాండ్రాకు కలిపే లైబ్రరీ) ఏది అన్నీ. ప్రతి నోడ్‌ మీద కొట్టాలె, ఎందుకంటే ఒక్కో నోడ్ దాని దగ్గరికి వచ్చినోళ్లనే చూపిస్తది. ఒక్కసారి చూస్తే సరిపోదు, పొద్దుగాల ఒకసారి, రాత్రి బ్యాచ్ నడిచేటప్పుడు ఒకసారి, నెలాఖరుకు ఒకసారి చూడండి. మాకు యాప్ సర్వర్లు రెండే అనుకున్నం, చూస్తే రాత్రి రెండింటికి నడిచే రిపోర్టు స్క్రిప్టు ఒకటి, ఎప్పుడో పోయిన పిల్లగాడు తన లాప్‌టాప్ నుంచి పెట్టుకున్న గ్రాఫుల డాష్‌బోర్డు ఒకటి, మొత్తం నాలుగు తేలినయి. ఈ జాబితానే రేపు రోల్స్ జాబితా అయితది, రోల్ అంటే కసాండ్రాల ఒక పేరు, దానికిచ్చిన హక్కులు.

నెట్‌వర్క్ గోడ

ఓరుగల్లు కోటకు బయట మట్టికోట, లోపల రాతికోట ఉన్నట్టు ఇది మట్టికోట పని, తొందరగ అయిపోతది, కాని ఇదొక్కటే ఉంటే సాలదు. నాలుగు పోర్టులు గుర్తుపెట్టుకోండి. 9042 అంటే యాప్‌లు వచ్చేది. 7000 అంటే నోడ్లు వాటిలవి మాట్లాడుకునేది. 7001 పాత పద్ధతిల ఎన్‌క్రిప్షన్ తోని మాట్లాడుకునేది, 4.0 కానుంచి రెండూ 7000 మీదనే నడుస్తయి కాబట్టి దీని అవసరం లేదు. 7199 అంటే జేఎంఎక్స్, నోడ్‌టూల్ వాడేది.

7000 కేవలం మూడు నోడ్ల అడ్రసుల మధ్యనే తెరవండి. 9042 జాబితాల ఉన్న యాప్ సర్వర్లకే. 7199 బయటికి అసలే తెరవొద్దు, డిఫాల్ట్‌గ అది ఆ మిషన్ లోపలికే పరిమితమై ఉంటది, అట్లనే ఉండనియ్యండి, నోడ్‌టూల్ కావాలంటే ఎస్‌ఎస్‌హెచ్ తోని మిషన్ లోపలికి పోయి కొట్టండి. జేఎంఎక్స్ చేతికి దొరికితే పాస్‌వర్డ్ తోని పనిలేకుండనే క్లస్టర్‌ను ఆడించొచ్చు. ఉబుంటుల యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ వాడేటోళ్లు, ఎనేబుల్ కొట్టే ముందు ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22 తెరిచినమా లేదా చూసుకోండి, నవ్వొస్తది గాని చానా మంది అక్కడనే చిక్కుతరు, తర్వాత క్లౌడ్ కన్సోల్ పట్టుకొని తిరుగుడే.

యాప్‌లకు పాస్‌వర్డ్ ముందే పెట్టేయండి

వినడానికి ఉల్టా అనిపిస్తది. ఇంటికి తాళమే లేదు, చెవులు పంచుడేందని. కాని కసాండ్రా పద్ధతి ఇట్ల ఉంటది: సర్వర్ అడిగితేనే డ్రైవర్ పాస్‌వర్డ్ ఇస్తది, అడగకపోతే జేబుల పెట్టుకొని ఊకుంటది. కాబట్టి యాప్‌లల్ల యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ముందే పెట్టి డిప్లాయ్ చేస్తే ఏం కాదు, పని ఎప్పటిలాగనే నడుస్తది. అదే సర్వర్ల ముందు తాళమేసి యాప్‌లు తర్వాత మార్చుకుందాం అంటే, ఆ మధ్యల వచ్చిన ప్రతి కొత్త కనెక్షన్ వాపస్ పోతది. పైథాన్‌ల ప్లెయిన్ టెక్స్ట్ ఆథ్ ప్రొవైడర్ అని ఉంటది, జావాల విత్ ఆథ్ క్రెడెన్షియల్స్. ప్రతి యాప్‌కు వేరే పేరు పెట్టండి, అన్ని యాప్‌లకు ఒక్కటే పేరైతే రేపు ఎవలు ఏం చేసిన్రో మళ్ల తెల్వది, మొదటి కథకే వస్తం.

సిస్టమ్ ఆథ్ రెప్లికేషన్: ఇక్కడ ఆగండి

పాస్‌వర్డ్లు, రోల్స్ అన్నీ సిస్టమ్ ఆథ్ అనే కీస్పేస్‌ల (టేబుళ్ల గుంపుల) ఉంటయి. కసాండ్రా దాన్ని మొదట్ల సింపుల్ స్ట్రాటజీ, రెప్లికేషన్ ఫ్యాక్టర్ (ఎన్ని కాపీలు అన్న లెక్క) 1 తోని పెడ్తది. అంటే ఏంది, మీ మూడు నోడ్లల్ల ఒక్కో రోల్ వివరం ఒక్క నోడ్‌ల మాత్రమే ఉంటది, రోల్ పేరును బట్టి అది ఏ నోడ్ అనేది తేలుతది. ఆ నోడ్ పడుకుంటే ఆ పేరు తోని ఎవలూ లోపలికి రాలేరు, మీ డేటా మాత్రం మూడు కాపీలు తీరుబడిగ కూసొని ఉంటది. ఇంట్ల బియ్యం మూడు బస్తాలు ఉన్నయి గాని గదికి చెవి ఒక్కటే, అది పట్టుకొని ఒకాయన కాజీపేటల రైలెక్కిండు అన్నట్టు.

అందుకే పాస్‌వర్డ్ ఆన్ చేసే ముందే ఈ పని చేయాలె. నోడ్‌టూల్ స్టేటస్ కొట్టి డేటాసెంటర్ పేరు ఏం చూపిస్తున్నదో అక్షరం అక్షరం చూసుకోండి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడ లెక్కనే. తర్వాత సీక్యూఎల్ షెల్‌ల (కసాండ్రాకు క్వెరీలు కొట్టే జాగల) ఆల్టర్ కీస్పేస్ సిస్టమ్ ఆథ్ అని కొట్టి, క్లాస్ కాడ నెట్‌వర్క్ టోపాలజీ స్ట్రాటజీ, ఆ డేటాసెంటర్ పేరు పక్కన 3 అని పెట్టండి. ఒక్కో డేటాసెంటర్‌కు 3 నుంచి 5 దాక పెట్టుమని కసాండ్రా వాళ్లే చెప్తరు, మూడు నోడ్లకు మూడు సరిపోతది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆల్టర్ కొట్టంగనే కాపీలు తయారు కావు. అది మాట మాత్రమే, ఇకనుంచి మూడు కాడ ఉండాలె అని చెప్పుడు. పాత వరుసలు కొత్త నోడ్లకు చేరాలంటే నోడ్‌టూల్ రిపేర్ కొట్టాలె, ఫుల్ అని చెప్పి, సిస్టమ్ ఆథ్ మీద, మూడు నోడ్ల మీద ఒకదాని తర్వాత ఒకటి.

నేను ఆదివారం రాత్రి ఈ రిపేర్ మర్చిపోయిన. అంతకంటే ముందు ఇంకో తప్పు చేసిన, ఫ్యాక్టర్ 1 ఉన్నప్పుడే పాస్‌వర్డ్ ఆన్ చేసి, రోల్స్ అన్నీ సృష్టించి, తర్వాత ఫ్యాక్టర్ 3 కు మార్చి, అన్నీ పచ్చగనే ఉన్నయి కదా అని పండుకున్న. పచ్చగ ఎందుకున్నయంటే యాప్ పాత కనెక్షన్లు పట్టుకొనే ఉన్నది, పట్టుకున్న కనెక్షన్‌కు పాస్‌వర్డ్ మళ్ల అడగరు. సోమవారం పొద్దుగాల యార్డుల కొనుగోళ్లు మొదలయ్యే టైముకు యాప్ రీస్టార్ట్ చేసినం, ఇగ సూడు.

"అన్నా, లాగిన్ అయితలేదే, పాస్‌వర్డ్ తప్పంటున్నది."

"సక్కగ కొట్టు తమ్మీ, నిన్న నేనే పెట్టిన."

"సక్కగనే కొడుతున్న అన్నా. అగో, ఇప్పుడు అయింది. మళ్ల పోయింది."

ఒకే పాస్‌వర్డ్, ఒకసారి అయితది, రెండుసార్లు కాదు. నేను కీబోర్డు మీద అనుమానపడ్డ, తర్వాత ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌ల ఏదన్న స్పేస్ పడ్డదా అని చూసిన, అర్ధగంట పోయింది, అవతల కోల్డ్ స్టోరేజీ గుమస్తా ఫోన్ల మీద ఫోన్లు. కథ ఏందంటే మామూలు రోల్ వివరం చదివేటప్పుడు మేము వాడే 4.0 ఒక్క నోడ్‌నే అడుగుతది, ఆ నోడ్ ఖాళీది తగిలితే అసొంటి మనిషే లేడు అంటది, నిండుది తగిలితే రండి అంటది. రిపేర్ కొట్టినం, కీస్పేస్ చిన్నదే కాబట్టి తొందరగనే అయింది, లొల్లి బందయింది. పాస్‌వర్డ్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోతే పాస్‌వర్డ్‌ను అనుమానించొద్దు, రిపేర్ అయిందా అని చూడండి.

ఒక్క నోడ్ మీద తాళం

మూడింట్ల ఒక నోడ్ ఎంచుకోండి. దాని 9042 ను ఫైర్‌వాల్‌ల యాప్‌లకు బంద్ చేయండి, ఈ స్టెప్ దాటవేయొద్దు, ఎందుకంటే డ్రైవర్లు మీరు ఇచ్చిన ఒక్క అడ్రసుతోనే ఆగవు, క్లస్టర్‌ల ఉన్న నోడ్లన్నీ అవే కనుక్కొని అన్నింటికి కనెక్ట్ అయితయి, రోల్స్ ఇంకా తయారు గాని నోడ్‌కు కూడ పోయి తల కొట్టుకుంటయి.

కసాండ్రా డాట్ యామల్ ఫైల్‌ల అథెంటికేటర్ కాడ అలో ఆల్ అథెంటికేటర్ ఉంటది, తీసి పాస్‌వర్డ్ అథెంటికేటర్ అని పెట్టండి. అథరైజర్ కాడ అలో ఆల్ అథరైజర్ తీసి కసాండ్రా అథరైజర్ పెట్టండి. మొదటిది నువ్వెవరు అని అడుగుతది, రెండోది నీకు ఈ గదిల పనేంది అని అడుగుతది. చానా మంది మొదటిది పెట్టి పని అయిపోయిందనుకుంటరు, అప్పుడు రిపోర్టు స్క్రిప్టు పాస్‌వర్డ్ దొరికినోడు కూడ టేబుళ్లన్నీ డ్రాప్ చేయొచ్చు. రోల్ మేనేజర్ కసాండ్రా రోల్ మేనేజర్ మీదనే ఉండనియ్యండి. నోడ్‌టూల్ డ్రెయిన్ కొట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, స్టేటస్‌ల ఆ నోడ్ యూఎన్ (లేచి మామూలుగ నడుస్తున్నది) అని వచ్చేదాక ఆగండి.

ఆ మిషన్ మీద నుంచే సీక్యూఎల్ షెల్ తెరిచి, డ్యాష్ యూ తోని యూజర్ పేరు ఇచ్చి, పాస్‌వర్డ్ మాత్రం అది అడిగినంక కొట్టండి, కమాండ్‌లనే రాస్తే హిస్టరీల పడ్తది. మొదట్ల యూజర్ పేరు కసాండ్రా, పాస్‌వర్డ్ కూడ కసాండ్రానే. ఇది లోకమంత తెలిసిన చెవి. దీంతోని లోపలికి పోయి చేసే మొదటి పని కొత్త సూపర్‌యూజర్‌ను సృష్టించుడు: క్రియేట్ రోల్, పేరు, విత్ పాస్‌వర్డ్, లాగిన్ ట్రూ, సూపర్‌యూజర్ ట్రూ. బయటికి వచ్చి ఆ కొత్త పేరుతోని మళ్ల లోపలికి పోండి, పోగలిగినంక పాత కసాండ్రా రోల్‌ను ఆల్టర్ చేసి సూపర్‌యూజర్ ఫాల్స్, లాగిన్ ఫాల్స్ అని పెట్టండి. కొత్తదానితోని లాగిన్ అయి చూడకుండ పాతదాన్ని మూయొద్దు, తెలిసింది కదా ఎందుకో.

ఈ పాత పేరు వాడుడు ఎందుకు బంద్ చేయాలె అంటే, అందరికి తెలిసినదే కాక ఇంకో కారణం కూడ ఉన్నది. మేము వాడే 4.0 ల మామూలు రోల్‌కు ఒక్క నోడ్ పలికితే సాలు, కసాండ్రా అనే ఆ రోల్ లాగిన్ అయినప్పుడు మాత్రం క్వోరమ్ అడుగుతది, అంటే మూడు కాపీలల్ల రెండు నోడ్లు పలకాలె. రెండు నోడ్లు పడ్డ రాత్రి మీరు లోపలికి పోయి చూడాలనుకున్నప్పుడే అది తెరవదు.

సూపర్‌యూజర్లు ఇద్దరిని చేయండి, రెండోదాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్‌ల పెట్టి ఆఫీసు బీరువాల పెట్టండి. పాత పద్ధతే, మంచిగ పనిచేస్తది.

ఎవలకు ఎంత

పని పేరు మీద లాగిన్ లేని రోల్ ఒకటి చేసి, దానికి హక్కులిచ్చి, దాన్ని మనుషుల రోల్స్‌కు, యాప్‌ల రోల్స్‌కు గ్రాంట్ చేస్తే తర్వాత నిమ్మళంగ ఉంటది. మా కాడ చదివే రోల్‌కు మిర్చి కీస్పేస్ మీద సెలెక్ట్ మాత్రమే, రాసే రోల్‌కు సెలెక్ట్, మాడిఫై. రిపోర్టు స్క్రిప్టు, డాష్‌బోర్డు రెండూ చదివేటోళ్ల ఖాతాల పడ్డయి.

మాడిఫై ఇచ్చేటప్పుడు ఒకటి తెలుసుకోండి, అండ్ల ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్ తోని పాటు ట్రంకేట్ కూడ ఉన్నది. డ్రాప్ లేదు కదా అని ధైర్యంగ ఉండొద్దు, ట్రంకేట్ కొట్టినా టేబుల్ ఖాళీనే. ఇంకొకటి, ఎవలు టేబుల్ సృష్టిస్తే ఆ టేబుల్ మీద అన్ని హక్కులు వాళ్లకే వస్తయి, అడగకుండనే. అందుకని టేబుళ్లు మార్చే మైగ్రేషన్ పనికి వేరే రోల్ పెట్టి, యాప్ రోల్ తోని అది నడపొద్దు.

హక్కులు మార్చినంక రెండు సెకండ్ల దాక పాతవే నడవొచ్చు, ఎందుకంటే రోల్స్, పర్మిషన్లు 2000 మిల్లీసెకండ్లు క్యాష్‌ల ఉంటయి. లోడ్ ఎక్కువుంటే ఈ నంబర్ పెంచుకుంటరు, మేము నిమిషం పెట్టినం. పెంచినంత సేపు, తీసేసిన మనిషి కూడ లోపల ఉంటడని లెక్క.

రోల్స్ అన్నీ తయారైనంక ఆ నోడ్ 9042 మళ్ల తెరిచి, క్లయింట్‌స్టాట్స్‌ల యూజర్ కాలమ్ కాడ మీరు పెట్టిన పేర్లు కనబడుతున్నయా చూసి, అప్పుడు రెండో నోడ్, తర్వాత మూడోది, అదే యామల్ మార్పు, డ్రెయిన్, రీస్టార్ట్, యూఎన్. ఒకటి పూర్తిగ లేవకముందే ఇంకోదాన్ని ముట్టొద్దు.

ఇక్కడికి సగం పని. ఇప్పుడు పాస్‌వర్డ్ ఉన్నది గాని అది తీగ మీద బట్టలిప్పుకొని పోతున్నది. క్లస్టర్ లోపల బీక్రిప్ట్ హ్యాష్ చేసి (మళ్ల చదవరాకుండ మార్చి) దాస్తది నిజమే, యాప్ నుంచి నోడ్ దాక మాత్రం ప్లెయిన్ టెక్స్ట్ అన్న పేరుకు తగ్గట్టే పోతది. తీగ మీద పోయేది వినే టీసీపీడంప్ ల డ్యాష్ పెద్ద ఏ పెట్టి 9042 మీద వినండి, లాగిన్ అయ్యేటప్పుడు మీ పాస్‌వర్డ్ మీకే చదవొస్తది. మా మేనేజర్ సార్‌కు టీఎల్‌ఎస్ ఎందుకో పది నిమిషాలు చెప్పిన, తలకెక్కలే, ఇది చూపిస్తే ఒక్క నిమిషంల ఒప్పుకున్నడు.

సర్టిఫికెట్లు

ఎనుమాములల దడువాయి (తూకమేసేటోడు) కాంటా పెట్టాలంటే మార్కెట్ కమిటీ ఇచ్చిన లైసెన్సు ఉండాలె కదా. రైతుకు ఆ దడువాయి మొఖం తెల్వకున్నా కమిటీ ముద్ర తెలుసు. సర్టిఫికెట్ అంటే ఆ లైసెన్సు, సీఏ (సర్టిఫికెట్ అథారిటీ) అంటే ఆ కమిటీ, ట్రస్ట్‌స్టోర్ అంటే ఏ కమిటీ ముద్రను నమ్మాలో రాసుకున్న చీటి, కీస్టోర్ అంటే ఆ నోడ్ తన లైసెన్సు, తన సొంత రహస్య కీ పెట్టుకునే సంచి.

లోపలి క్లస్టర్‌కు బయట సర్టిఫికెట్ కొననక్కర్లేదు, మన సీఏ మనమే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తోని చేసుకోవచ్చు. సీఏ కీ ఒకటి చేసి, దాంతోని సొంతంగ సంతకం పెట్టిన సీఏ సర్టిఫికెట్ పదేండ్లకు చేసుకోండి. ఆ సీఏ కీ మాత్రం ఏ నోడ్ మీదకూ పోవద్దు, గిట్‌లకు అసలే పోవద్దు, పెన్‌డ్రైవ్‌ల పెట్టి, ఇందాక చెప్పిన బీరువాలనే పెట్టండి. అది పోతే ఎవలైనా మీ కమిటీ ముద్ర కొట్టుకుంట కూసుంటరు.

తర్వాత ఒక్కో నోడ్‌కు ఒక్కో కీ, ఒక్కో సర్టిఫికెట్. మూడింటికి కలిపి ఒక్కటే చేసినా నడుస్తది, నేను వద్దంట, ఒక్క మిషన్ చెడ్డోళ్ల చేతిల పడితే మూడూ మార్చాలె. ఇక్కడ మూడు గుంతలు ఉన్నయి, మూడింట్ల నేను కాలు పెట్టిన.

మొదటిది, సబ్జెక్ట్ ఆల్టర్నేట్ నేమ్. నోడ్లు ఒకదాన్నొకటి ఐపీ అడ్రసు తోని పిలుచుకుంటయి, కాబట్టి ఆ జాగాల హోస్ట్ పేరు ఒక్కటే కాదు, ఐపీ కూడ రాయాలె, లేకుంటే ఎండ్‌పాయింట్ వెరిఫికేషన్ (సర్టిఫికెట్‌ల అడ్రసు సరిపోయిందా అని చూసుడు) పెట్టిన రోజు నోడ్లు ఒకదాన్నొకటి గుర్తువట్టవు. రెండోది, ఆ వివరాలు మీరు రిక్వెస్ట్ ఫైల్‌ల రాసినా, సీఏ సంతకం పెట్టేటప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాటిని దానంతట అది సర్టిఫికెట్‌లకు తీస్కరాదు, సంతకం కమాండ్‌ల ఎక్స్‌ట్‌ఫైల్ అని ఆ వివరాల ఫైల్‌ను మళ్ల ఇయ్యాలె. అన్నీ రాసిన కదా, ఎందుకు లేవు అని ఒక పూట పరేషాన్ అయిన. సంతకం అయినంక సర్టిఫికెట్‌ను టెక్స్ట్ రూపంల తెరిచి కండ్లతోని చూడండి. మూడోది, ఎక్స్‌టెండెడ్ కీ యూసేజ్ పెడితే సర్వర్ ఆథ్, క్లయింట్ ఆథ్ రెండూ రాయండి, ఎందుకంటే క్లస్టర్ లోపల ప్రతి నోడ్ ఒకసారి పిలిచేది, ఒకసారి పిలిపించుకునేది.

నోడ్ కీ, సర్టిఫికెట్ రెండూ కలిపి పీకేసీఎస్ 12 ఫైల్ చేస్తే అదే కీస్టోర్. యామల్‌ల స్టోర్ టైప్ కాడ కూడ అదే పేరు రాయండి. ట్రస్ట్‌స్టోర్ కీటూల్ తోని చేసి, సీఏ సర్టిఫికెట్ ఒక్కటే ఇంపోర్ట్ చేయండి, అది మూడు నోడ్లకు ఒక్కటే పెట్టొచ్చు. కీస్టోర్ ఫైల్ ఓనర్ కసాండ్రా యూజర్, పర్మిషన్ 600. కీస్టోర్ పాస్‌వర్డ్ యామల్‌ల ఉన్నది ఉన్నట్టు కనబడ్తది కాబట్టి ఆ యామల్‌కు కూడ అదే కాపలా.

తీగ మీద ముసుగు, రెండు విడతలల్ల

నోడ్ల మధ్య సెట్టింగు పేరు సర్వర్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్స్. అండ్ల ఇంటర్‌నోడ్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటది, నన్, డీసీ, ర్యాక్, ఆల్ అని నాలుగు. డీసీ అంటే డేటాసెంటర్లు దాటేటప్పుడే, ర్యాక్ అంటే ర్యాకులు దాటేటప్పుడే. ఆల్ పెట్టండి, ఇంతదూరం వచ్చి సగం దాచుడేంది.

మొదటి విడత: ఆల్ పెట్టి, ఆప్షనల్ ట్రూ అని స్పష్టంగ రాసి, కీస్టోర్, ట్రస్ట్‌స్టోర్ దారులు ఇచ్చి, నోడ్లన్నీ ఒక్కొక్కటి రీస్టార్ట్ చేయండి. ఆప్షనల్ ట్రూ ఉన్నంత సేపు ముసుగున్నది, లేనిది రెండింటిని రానిస్తది, అందుకే సగం నోడ్లు మారి సగం మారని టైంల క్లస్టర్ రెండు ముక్కలు కాదు. రెండో విడత: ఆప్షనల్ ఫాల్స్, రిక్వైర్ క్లయింట్ ఆథ్ ట్రూ, మళ్ల ఒక్కొక్కటి రీస్టార్ట్. రిక్వైర్ క్లయింట్ ఆథ్ లేకుంటే తీగ ముసుగులనే ఉంటది గాని అవతల వచ్చింది మన నోడేనా అని అడిగేటోడు ఉండడు. విడతల మధ్య నోడ్‌టూల్ స్టేటస్ మూడు నోడ్ల మీద నుంచీ చూడండి, ఒక్కదాని మీద చూసి మురిసిపోవద్దు, ఒక్కో నోడ్‌కు ఒక్కో లోకం కనబడొచ్చు.

యాప్‌ల వైపు క్లయింట్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్స్, అదే పద్ధతి. ఎనేబుల్డ్ ట్రూ, ఆప్షనల్ ట్రూ, రీస్టార్ట్. ఇప్పుడు తొందరలేదు, యాప్‌లను ఒక్కొక్కటి టీఎల్‌ఎస్‌కు మార్చుకుంట రండి, సీఏ సర్టిఫికెట్ ఇచ్చి, హోస్ట్ వెరిఫికేషన్ ఆన్ చేసి. మాకు వారం పట్టింది, అండ్ల నాలుగు రోజులు ఆ రాత్రి రెండింటి స్క్రిప్టుకే. క్లయింట్‌స్టాట్స్‌ల ఎస్‌ఎస్‌ఎల్ కాలమ్ అన్ని వరుసలల్ల ట్రూ వచ్చినంక, నెలాఖరు పని కూడ ఒకసారి నడిచినంక, అప్పుడు ఆప్షనల్ ఫాల్స్ చేసి రీస్టార్ట్. ఆప్షనల్ ట్రూ మీదనే ఆరు నెలలు వదిలేసినోళ్లను చూసిన, వాళ్ల లెక్కల ఎన్‌క్రిప్షన్ ఉన్నది, తీగ మీద లేదు.

యాప్‌ల కోడ్‌ల వెరిఫికేషన్ ఫాల్స్ అని రాసి ఎర్రర్ పోగొట్టుకునే అలవాటు ఒకటి ఉన్నది మనోళ్లకు. సీక్యూఎల్ షెల్‌ల కూడ అంతే, దాని సెట్టింగు ఫైల్‌ల ఎస్‌ఎస్‌ఎల్ విభాగంల వాలిడేట్ అని ఉంటది, ట్రూ ఉంచి, సర్ట్‌ఫైల్ కాడ సీఏ దారి ఇయ్యండి. ఫాల్స్ పెడితే లైసెన్సు చూడకుండ కాంటా వేయించుకున్నట్టే, మధ్యల ఎవడు కూసున్నా మీ పాస్‌వర్డ్ వాడికే ఇస్తరు, అదీ మంచిగ ముసుగేసి.

అయిందా లేదా చూసుడు

ఎస్‌ఎస్‌ఎల్ లేకుండ సీక్యూఎల్ షెల్ తోని ప్రయత్నించండి, రానియ్యొద్దు. ఎస్‌ఎస్‌ఎల్ తోని పాస్‌వర్డ్ లేకుండ పోండి, రానియ్యొద్దు. చదివే రోల్ తోని పోయి ఒక ఉత్త టేబుల్‌ల ఇన్‌సర్ట్ కొట్టండి, అనథరైజ్డ్ అనాలె. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్ క్లయింట్ తోని 9042 కు, 7000 కు కనెక్ట్ అయి ఏ సర్టిఫికెట్ చూపిస్తున్నదో, ఎప్పటిదాక ఉన్నదో చదవండి. ఇందాకటి టీసీపీడంప్ మళ్ల పెట్టండి, ఈసారి చెత్త అక్షరాలే రావాలె. చివరికి ఒక నోడ్‌ను కావాలని ఆపి, మిగిలిన రెండింటికి అన్ని రోల్స్ తోని లాగిన్ అయి చూడండి, ఇది చాలామంది చేయరు, నేను మాత్రం ఆ సోమవారం తర్వాత తప్పకుండ చేస్తున్న.

ఆడిట్ లాగ్ కూడ ఆన్ చేయండి, 4.0 కానుంచి ఉన్నది. అన్ని క్వెరీలు రాయమంటే డిస్క్ నిండుతది, అందుకని ఆథ్, డీసీఎల్, డీడీఎల్ ఈ మూడు రకాలే పెట్టినం, అంటే ఎవలొచ్చిన్రు, ఎవలికి హక్కులు మారినయి, ఏ టేబుల్ మారింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్‌ల ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలె, ఏదన్న జరిగితే తెలిసిన 6 గంటలల్ల చెప్పాలె. మేము పోర్టు తెరిచిపెట్టిన ఆ నాలుగు నెలల గురించి ఎవరన్న అడిగితే మా కాడ చెప్పడానికి ఒక్క ముక్క లేకుండె.

టీఎల్‌ఎస్ తోని డిస్క్ మీది డేటాకు ఏం సంబంధం లేదు అని కూడ గుర్తుంచుకోండి. స్నాప్‌షాట్లు, బ్యాకప్‌లు అన్నీ తెరిచే ఉంటయి, ఓపెన్ సోర్స్ కసాండ్రా డేటా ఫైళ్లను దానంతట అది ఎన్‌క్రిప్ట్ చేయదు, లినక్స్‌ల డిస్క్‌నే ఎన్‌క్రిప్ట్ చేసే లక్స్ లాంటిది వేసుకోవాలె. అది వేరే పెద్ద కథ.

గడియారం, గడువు

మిషన్ల గడియారాలు ఒక్కటిగ నడవాలె, ఎన్‌టీపీ పెట్టండి. కసాండ్రాల ఒకే గడికి రెండు రాతలు వస్తే ఏది కొత్తదో టైమ్‌స్టాంప్ చూసే తేలుస్తది కాబట్టి ఎట్లాగూ కావాలె, ఇప్పుడు సర్టిఫికెట్లకు కూడ కావాలె, గడియారం వెనుకకు పోతే ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు అని కనెక్షన్ తెంపుతది.

నోడ్ సర్టిఫికెట్లు మేము ఏడాదికి చేస్తం. కొత్తవి పెట్టడానికి రీస్టార్ట్ అక్కర్లేదు, అదే పేరుతోని కొత్త కీస్టోర్ ఫైల్ పెడితే 4.0 పది నిమిషాలకోసారి చూసుకొని అదే ఎత్తుకుంటది, ఆగలేకపోతే నోడ్‌టూల్ రీలోడ్ ఎస్‌ఎస్‌ఎల్ కొట్టండి. పాత కనెక్షన్లు అట్లనే ఉంటయి, కొత్తగ వచ్చేటివి కొత్త సర్టిఫికెట్ చూస్తయి. మొదటిసారి సర్టిఫికెట్లు మార్చిల చేసినం కాబట్టి గడువు కూడ మార్చిలనే పడ్డది, అంటే యార్డుల ఎర్రగ మిర్చి కుప్పలు పోసి ఉన్న నెల, అప్పుడు ఏం ముట్టుకోవాలన్నా చేతులు వణుకుతయి. అందుకే రెండోసారి గడువు దాక ఆగకుండ ఆర్నెల్ల ముందే మార్చేసినం. ఇప్పుడు ప్రతి సెప్టెంబర్‌ల మారుస్తం, అప్పటికి మిర్చి జోరు తగ్గి ఉంటది, పత్తి ఇంకా దిగదు, ఏదన్న తేడా వచ్చినా ఫోన్ చేసేటోళ్లు తక్కువ.